నాడి వదిలెయ్, ఊపిరి చూడు

1889లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి లండన్ నుంచి ఒక డాక్టరును రప్పించాడు. తన జబ్బుకు కాదు, జంతువులకు క్లోరోఫాం పెట్టి చూడటానికి! వచ్చినవాడు లాడర్ బ్రంటన్. దీనంతటికీ మూలం రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ.

క్లోరోఫాం మత్తులో మనుషులు పోతే తప్పు మందుదా, ఇచ్చినవాళ్లదా అన్నది తగాదా. ముందు ఆగేది ఊపిరే, ఆ తర్వాతే గుండె కాబట్టి, నాడి వదిలేసి ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలంటాడు లారీ. 1888లో ఆయన జరిపిన మొదటి కమిషన్‌ను లాన్సెట్ పత్రిక నమ్మలేదు. గుండెకూ ప్రమాదమేనంటూ వచ్చిన బ్రంటన్, హైదరాబాద్‌లో వందల జంతువుల మీద చూశాక లారీ వైపు తిరిగాడు. ఇక్కడి వైద్య పాఠశాలలో చదివి ఆ ప్రయోగాల్లో పాల్గొన్న రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు.

కానీ పన్ను పీకించుకునే కుర్చీలో చావులు ఆగలేదు.

చిన్న పనే కదా అని కొద్దిగా మత్తిచ్చేవారు. రోగి భయంతో వణుకుతుండగా, సగం మత్తులోనే పటకారు పడేది. 1911లో డాక్టర్ గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద గుట్టు విప్పాడు: తేలికపాటి క్లోరోఫాం మత్తుకు, భయంలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి కొట్టుకుని ఉన్నట్టుండి ఆగిపోతుంది. లారీ కుక్కలకు పెట్టింది మోతాదు మించిన మత్తు, అందుకే వాటికి ముందు ఊపిరి ఆగింది.

తమాషా ఏమిటంటే, ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లోని పాణినీయ దంత కళాశాలలోనైనా, ఎల్బీనగర్ క్లినిక్కుల్లోనైనా మత్తు సూదిలో ఆ అడ్రినలిన్‌నే కావాలని కలుపుతారు. 1943లో స్వీడన్‌లో తయారైన లిగ్నొకెయిన్‌కు తోడుగా, సాధారణంగా 80,000 వంతుల్లో ఒక వంతు. అది రక్తనాళాలను బిగించి మందును అక్కడే నిలుపుతుంది, నెత్తురు కారడం తగ్గిస్తుంది. క్లోరోఫాం పోయింది గనుక ఆ పాత జంట ప్రమాదం లేదు. అయినా బీపీ, గుండె మాత్రల సంగతి దాచకూడనిది ఇందుకు కూడా.

ఇక పటకారు పని చాలామంది అనుకున్నట్టు బలంకొద్దీ లాగడం కాదు. పంటిని ఎముకకు పట్టి ఉంచే సన్నని నారలను ఎలివేటర్ అనే పనిముట్టుతో వదులు చేసి, పంటిని అటూ ఇటూ ఒత్తుతూ గుంతను వెడల్పు చేస్తారు. మత్తు నొప్పిని ఆపుతుంది గానీ ఒత్తిడిని ఆపదు. అది తెలియక కొందరు మత్తు ఎక్కలేదని కంగారుపడతారు. తర్వాత దూది గట్టిగా కొరికి పట్టమనేది గుంతలో నెత్తురు గడ్డకట్టడానికి. ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, సిగరెట్ తాగినా ఆ గడ్డ ఊడిపోవచ్చు. అప్పుడు ఎముక బయటపడి, రెండు మూడు రోజులకు చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది.