ఖాళీ సిలిండరులోని తెల్లపొడి

చీమకుర్తి నల్లరాతి గనుల ప్రక్కనున్న ఇంటిలోనైనను, ఒంగోలు మేడలోనైనను, కుళాయి బిగించువాడు గొట్టపు మరలపై తెల్లని పలుచని టేపు చుట్టును. దానికి జిగురుండదు, మరల సందులలో ఒదిగి నీటిచుక్కను బయటికి రానీయదు. అదియే టెఫ్లాను, రసాయననామము పాలీటెట్రాఫ్లోరోఎథిలీను.

ఇందు కర్బనముతో జతకూడినది ఫ్లోరిను. ఈ ప్రాంతమువారికి ఆ పేరు చేదు. నాటి నెల్లూరు జిల్లాలో బావినీటి ఫ్లోరైడు ఎముకలను బిగదీయుచున్నదని షార్టు మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి.

ఆ మరుసటి యేడు, 1938 ఏప్రిల్ 6న, అమెరికాలో డూపాంటు సంస్థ రసాయనజ్ఞుడు రాయ్ ప్లంకెట్ క్రొత్త శీతలీకరణ వాయువునకై నిలువచేసిన సిలిండరు మర త్రిప్పెను. వాయువు రాలేదు. ఖాళీయని పారవేయవచ్చును, కాని తూచి చూడగా బరువు తగ్గలేదు! (ఇచట మెప్పు త్రాసునకే చెల్లవలెను.) సిలిండరును కోయించగా లోపల మైనమువంటి తెల్లపొడి కనబడెను. వాయువు అణువులు తమంతట తామే గొలుసులుగా పెనవేసికొన్నవి.

ఆ కర్బనపు గొలుసును ఫ్లోరిను పరమాణువులు కవచమువలె కప్పియుండును. బంధము మిక్కిలి గట్టిది గనుక ఆమ్లములు దానిని తినలేవు. 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగినను పారదు. అందుచే పొడిని అచ్చులో నొక్కి, ఇటుకవలె కాల్చవలసినదే. యుద్ధకాలమున యురేనియం హెక్సాఫ్లోరైడు ఇతర వాషర్లను తినివేయగా, దీనిని వాడిరి. ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ 1954లో దీనిని అల్యూమినియము పెనముపై అంటించెను. అంటని దానిని అంటించుటే అతని ఘనత! అట్టి పెనమును ఖాళీగా మిక్కిలి కాల్చినచో విషవాయువులు వెలువడును.

తెలుగునేలపై దీని తయారీకై 1983లో ప్రభుత్వరంగమున హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ స్థాపింపబడినది. మెదకు జిల్లా రుద్రారములో 1987లో పని ప్రారంభమైనది. క్లోరోఫారమును హైడ్రోజన్ ఫ్లోరైడుతో కలిపిన ఆర్-22 వాయువు వచ్చును. దానిని మిక్కిలి వేడిచేసి విడగొట్టి, గొలుసులుగా కూర్తురు. ఆర్-22 శీతలీకరణ వాయువే. ప్లంకెట్ వెదకిన దారియే తిరిగి ఎదురైనది. అది ఓజోను పొరకు హానియని మాంట్రియల్ ఒప్పందము దాని వాడుకను తగ్గించుచున్నది. కాని ప్లాస్టిక్కునకు ముడిసరుకుగా వాడుటను నిషేధింపలేదు.

రుద్రారపు సంస్థ నష్టములలో కూరుకొనిపోగా, 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము మూసివేతకు ఆమోదించినది. దేశములో ఈ ప్లాస్టిక్కు తయారీ మాత్రము ఆగలేదు; గుజరాతులోని దహేజులో ఒక ప్రైవేటు కర్మాగారము చేయుచున్నది.