వానల్లేని వేళ వచ్చే వరద

జులై ఉదయం. మోకోరో పడవ అంచు నీటికి జానెడు ఎత్తున ఉంది. మీ వెనక నిలబడ్డ పడవ మనిషి గెడను ఇసుకలో దించి నెడుతున్నాడు. రెండు పక్కలా తలకన్నా ఎత్తున పాపిరస్ తుంగ. బోట్స్వానాలో చినుకు రాలి నెలలైంది. ఒడ్డున గడ్డి గరగరలాడుతోంది. అయినా ఒకవాంగో డెల్టాలో నీళ్లు పెరుగుతున్నాయి.

ఇది ఏడాది మొదట్లో అంగోలా ఎత్తుభూముల మీద కురిసిన వాన. అక్కడ కుబాంగో పేరుతో బయల్దేరింది. అంగోలాకూ నమీబియాకూ నడుమ సరిహద్దుగా పారుతూ క్విటో నదిని కలుపుకుంది. కాప్రివి పట్టీని అడ్డంగా దాటి, పోపా రాళ్ల మీద నురగలు కక్కి, మొహెంబో దగ్గర బోట్స్వానాలోకి వచ్చింది. అక్కణ్ణించి మౌన్ పట్టణం దాకా సుమారు 250 కిలోమీటర్లలో నేల వాలు 60 మీటర్లే. అందుకే నీటికి అంత నిదానం. ఈ దారి దాటడానికి దానికి నెలలు పడుతుంది.

కిందికి చూడండి. అడుగున ఇసుక ముడతలు లెక్కపెట్టేంత తేట. కలహారి ఇసుక నేలల మీదుగా వచ్చిన ఈ నీటిలో బురద తక్కువ. తుంగ మధ్య సందులా తెరుచుకున్న ఈ పాయ హిప్పోలు రోజూ నడిచి తెరిచి ఉంచిన దారి.

పడవ ఒక లంకకు ఆనింది. దిగండి. నడుమ పొడవాటి చెదపుట్ట. ఇక్కడి లంకలు చాలావరకు ఇలాంటి పుట్ట చుట్టూనే మొదలయ్యాయి. వరదకు పైన నిలిచిన ఆ కాస్త మట్టిలో విత్తనాలు మొలిచాయి, చెట్లు లేచాయి. అంచున అడవి ఈతలు, అత్తి చెట్లు పచ్చగా ఉన్నాయి. లోపలికి నడిస్తే నేల తెల్లగా, బోడిగా ఉంది. అది ఉప్పు. వేళ్లు నీటిని పీల్చుకుంటే ఉప్పు లంక కిందే పోగుపడుతుంది. అందుకే చుట్టూ పాయలు తియ్యగా ఉంటాయి.

డెల్టాకు చేరిన నీటిలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఆవిరిగా, ఆకుల ఊపిరిగా గాలిలో కలుస్తుంది. మౌన్ దగ్గరి తమలకానే పాయలోకి, అక్కణ్ణించి బొతేతిలోకి చేరేది కొద్దిపాటే. సముద్రం ముఖం చూడదు కాబట్టి ఈ నది వృథా అని ఎవరైనా అంటే, ఈ లంక మీద నిలబెట్టి ఉప్పు చూపించాలి. ఎండలు ముదిరే వేళకు లెచ్వే జింకలకూ ఏనుగులకూ గడ్డీ నీళ్లూ అందించేది ఈ వరదే. మూడు దేశాలూ 1994లో ఈ నది కోసం ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి. పంచుకోవాల్సింది నీటి పరిమాణాన్నే కాదు, అది వచ్చే వేళను కూడా. ఎగువన ఆనకట్టలు కట్టి ఆ వేళను చెడగొడితే, ఇక్కడి గడ్డికీ జంతువులకూ దెబ్బే.