పర్యాయపదాలు కాని రెండు మాటలు



తెలుగు పండితుడికి జీవశాస్త్రంతో పనేమిటని మీరడగవచ్చు. నా పని మాటలతోనే. "ప్రోగ్రామ్డ్ సెల్ డెత్", "అపోప్టోసిస్" అనే రెండు మాటలను మన పత్రికల్లో తరచుగా "కణాల ఆత్మహత్య" అని ఒకే గాటన కట్టివేయడం చూస్తుంటాను. ఆ రెండూ పర్యాయపదాలు కావు. అందుకు సాక్ష్యం ఒక చిమ్మట కండరం.

మొదటి మాట పుట్టిల్లు హార్వర్డ్ విశ్వవిద్యాలయం. 1960ల తొలినాళ్ళలో కారల్ విలియమ్స్ శిష్యుడు రిచర్డ్ లాక్షిన్, ఆంథిరియా ప్రజాతికి చెందిన పట్టు చిమ్మటలను పరిశీలించాడు. మన గోదావరి తీరపు అడవుల్లో మద్దిచెట్లపై పెంచే దసలి పట్టుపురుగుదీ ఆ ప్రజాతే. చిమ్మట తన పాత కవచాన్ని వీడి వెలుపలికి రావడానికి ఉదరఖండాల నడుమనున్న కండరాలు తోడ్పడతాయి. ఆ పని ముగిసిన ఒకటి రెండు రోజుల్లో అవి కరిగిపోతాయి. దెబ్బ తగలలేదు, రోగం సోకలేదు. గురుశిష్యులు 1964-65లో ప్రకటించిన వ్యాసపరంపరకు "ప్రోగ్రామ్డ్ సెల్ డెత్" అని పేరుపెట్టారు.

వ్యాకరణం చదివినవారికి ఇది వింతగా తోచదు. పాణినీయంలో ఇత్తులనే వర్ణాలున్నాయి గదా! ప్రత్యయాన్ని అంటిపెట్టుకొని, జరగవలసిన కార్యాన్ని సూచించి, తాము లోపిస్తాయి. సిద్ధరూపంలో కనబడవు, కానీ అవి లేనిదే ఆ రూపం సిద్ధించదు. అయితే ఇత్తును లోపింపజేసేది సూత్రం. కండరాన్ని లోపింపజేసేదెవరు? ప్రోటీన్ల తయారీని ఆపితే కండరక్షయం ఆగుతుందని 1969లో లాక్షిన్ చూపాడు. అంటే తన లయానికి కావలసిన సామగ్రిని కణమే సిద్ధం చేసుకుంటున్నదన్న మాట. ఎక్డైసోన్ జాతి హార్మోను తగ్గడమే ఇందుకు సంకేతమని పొగాకు చిమ్మటలో 1983లో తేలింది.

రెండవ మాట 1972 నాటిది. జాన్ కెర్, ఆండ్రూ వైలీ, ఆలస్టేర్ కరీ అనే రోగనిదాన శాస్త్రజ్ఞులకు ఆ పదాన్ని సూచించినవాడు అబర్డీన్ విశ్వవిద్యాలయపు గ్రీకు ఆచార్యుడు జేమ్స్ కార్మాక్. ఆకులు, పూరేకులు రాలడమని దాని అర్థం. ఒక భాషోపాధ్యాయుడి మాట వైద్యశాస్త్రంలో నిలిచిపోయిందంటే నాబోటివాడికి గర్వమే! కణం కుంచించుకుపోవడం, కేంద్రకం ముద్దగట్టడం, పొరలు చుట్టుకొన్న తునకలుగా విడిపోవడం, ఆ తునకలను ఇరుగుపొరుగు కణాలు మింగివేయడం దాని లక్షణాలు. మొదటి మాట నియతిని చెబుతుంది, రెండవది రూపాన్ని.

ఒక సూక్ష్మమైన పురుగు దేహంలో పుట్టే 1090 కణాల్లో 131 కచ్చితంగా మరణిస్తాయని తేల్చిన పరిశోధనకు 2002లో బ్రెన్నర్, హార్విట్జ్, సల్స్టన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. ఆ మరణాలు అపోప్టోసిస్ కోవలోనివి. అంతమాత్రాన నియతమైన ప్రతి మరణమూ ఆ కోవలోనిదే అనుకోరాదు. 1993లో లారెన్స్ ష్వార్ట్జ్ బృందం పొగాకు చిమ్మట కండరాలను పరీక్షించగా, అపోప్టోసిస్ ముఖ్యలక్షణాలు అందులో కనబడలేదు. ఏ కండరం మొదటి మాటకు జన్మనిచ్చిందో, ఆ కండరమే రెండవ మాటకు లొంగలేదు!

మరొక చిక్కు. మృత్యుకార్యానికి పేరుపొందిన కాస్పేజ్-3 అనే ఎంజైము, ఎలుకల్లో లేత కండరకణాలు పరిణతి చెంది తంతువులుగా మారడానికీ అవసరమని 2002లో ఒట్టావా పరిశోధకులు కనుగొన్నారు. కత్తి ఒకటే, కోతకూ అదే, కూర్పుకూ అదే.

అందుచేత "ఆత్మహత్య" అన్న మాట నాకు సమ్మతం కాదు. కణానికి సంకల్పం లేదు, నిర్వేదం లేదు. "త్యాగం" అనడమూ అంతే. పేర్లు కలిపివేస్తే తెలుగులో చదువుకొనే విద్యార్థి కణం చావుకు ఒకే దారి ఉందనుకుంటాడు. ఒక దారిని మూసే మందు రెండవదాన్ని కూడా మూస్తుందని భ్రమపడతాడు. మొదటిదాన్ని "నియత కణమరణం" అనీ, రెండవదాన్ని "కణపాతం" అనీ అందామని నా ప్రతిపాదన. ఇంతకన్న చక్కని మాట తోచినవారు చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను.