ఎర్ర బూజు బియ్యం: వెయ్యేళ్ల ప్రయాణం

చైనావాళ్లు 'హాంగ్ ఛూ' అని పిలిచే ఎర్ర బూజు బియ్యం, మన పొలాల్లో పండే ఎర్ర బియ్యం కాదు. ఉడికిన తెల్లన్నానికి మొనాస్కస్ అనే బూజు పట్టించి, గింజ లోపలిదాకా ఎరుపెక్కేవరకు మాగబెట్టి ఎండబెడతారు. దానితో మాంసం వండే విధానం పదో శతాబ్దపు రాతల్లోనే కనిపిస్తుంది. వైద్యుడు లీ షిజెన్ 1578లో ముగించిన ఓషధుల మహాగ్రంథంలో దాన్ని జీర్ణానికీ, రక్తం చక్కగా సాగడానికీ మందుగా చేర్చాడు. 1637లో సోంగ్ యింగ్‌షింగ్ తయారీని అంచెలంచెలుగా వర్ణిస్తూ, పలుచగా పూస్తే నడివేసవిలోనూ చేప, మాంసం పది రోజులు నిలుస్తాయని, ఈగలు దరిచేరవని రాశాడు. శాస్త్రం వివరించకముందే వంటింటికి తెలిసిన విద్య అది.

ఆ బూజులోని మందు పదార్థానికి రసాయనశాస్త్రం పేరు పెట్టింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే. కొలెస్టరాల్ తయారీని అడ్డుకునే పదార్థం కోసం వేలకొద్దీ సూక్ష్మజీవుల్ని జల్లెడ పట్టిన జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో, 1979లో ఈ మొనాస్కస్ జాతి బూజు నుంచే మొనాకొలిన్ కె అనే అలాంటి పదార్థాన్ని వేరుచేశాడు. అమెరికాలో మరో బూజు నుంచి దొరికిన లోవాస్టాటిన్ కూడా అదే పదార్థమని తేలింది. 1987లో అది మందుగా అనుమతి పొందింది. ఈనాడు మన ఇళ్లలో గుండెజబ్బువాళ్ల మందుల డబ్బాలో ఉండే స్టాటిన్ మాత్రలు ఆ వంశానివే.

2008లో వెలువడిన చైనా పరిశీలన మరో మలుపు. ఒకసారి గుండెపోటు వచ్చిన 4,870 మందిపై ఈ బియ్యపు సారంతో చేసిన 'షుయెజికాంగ్' మందును పరీక్షిస్తే, పెద్ద గుండె ఘటనలు ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 10.4 శాతం ఉంటే, ఈ మందు వాడినవారిలో 5.7 శాతమే కనిపించాయి. ఈ బూజులోని డైమెరూమిక్ ఆమ్లం ఆక్సీకరణను అడ్డుకుంటుందని కూడా జపాన్ పరిశోధకులు చూపారు. అయితే ఇలా ఇది గుండె కణాల్ని కాపాడుతుందని చెప్పేవి ఎక్కువగా ప్రయోగశాల ఫలితాలే. వాటిని మనిషిలో రుజువైన మేలుతో కలపకూడదు.

అదే బూజు సిట్రినిన్ అనే మూత్రపిండాల విషాన్నీ పుట్టించగలదు. 2024లో జపాన్‌లో ఈ బియ్యపు మాత్రలు వాడినవారిలో కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఆ మాత్రల్లో మరో బూజు విషం బయటపడింది. పైగా ఈ బియ్యంలోనూ స్టాటిన్ పదార్థమే ఉంది కాబట్టి, స్టాటిన్ వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని ముట్టకూడదు.