సతీష్ రెడ్డి, జి.

భారతదేశపు క్షిపణి మార్గనిర్దేశ విద్యలో పేరొందిన తెలుగు శాస్త్రజ్ఞుడు, 2018 నుండి 2022 వరకు రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థకు (డి.ఆర్.డి.ఓ.) అధ్యక్షుడు. ఆయుధమును గురి తప్పక నడిపించు విద్యతో ఆరంభమైన ఈయన ఉద్యోగజీవితము, ఆయుధప్రయోగమువలన గాని మహమ్మారివలన గాని కలుగు హానిని తగ్గించు పాలనాబాధ్యతగా విస్తరించెను.

విద్యాభ్యాసము: ఈయన 1963 జూలై 1న నెల్లూరు జిల్లా మహిమలూరున జన్మించెను. అనంతపురములోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ శాఖయందు 1984లో పట్టభద్రుడయ్యెను. 1946లో మదరాసు గిండీలో ప్రారంభమై, 1948లో అనంతపురమునకు తరలివచ్చిన ఈ కళాశాల, తరచు కరవుల పాలగు మెట్టపీఠభూమిలో సాంకేతిక విద్యకు ఆలవాలమయ్యెను. అనంతరము ఈయన హైదరాబాదున ఎం.ఎస్., పిహెచ్.డి. పట్టములను గడించెను.

క్షిపణి పరిశోధన: 1986లో హైదరాబాదులోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలలో చేరి, పిదప అబ్దుల్ కలాము నాయకత్వమున వెలసిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో ఇనర్షియల్ నావిగేషన్ వ్యవస్థల రూపకల్పనకు సారథ్యము వహించి, ఆ సంస్థకు డైరెక్టరయ్యెను. ఈ పద్ధతిలో క్షిపణి బాహ్యసంకేతముల సాయము లేకయే, తన వేగమునందును దిశయందును కలుగు మార్పులను కొలుచుకొనుచు తానున్న చోటును తానే గణించుకొనును. కాని కొలతలోని అత్యల్పదోషమైనను కాలము గడచినకొలది పెరిగి లక్ష్యమును తప్పించును. దోషము ఎచ్చట పుట్టునో ముందుగా ఊహించి దిద్దుట ఈ విద్యకు ప్రాణము. సురక్షాశాస్త్రమునకును మూలసూత్ర మదియే. 2015లో రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగను, 2018 ఆగస్టులో డి.ఆర్.డి.ఓ. అధ్యక్షుడుగను నియుక్తుడయ్యెను.

మిషన్ శక్తి: ఈ పేరిట డి.ఆర్.డి.ఓ. 2019 మార్చి 27న జరిపిన ఉపగ్రహవిధ్వంస పరీక్షలో, ఒడిశా తీరమునందలి అబ్దుల్ కలాము ద్వీపమునుండి ఎగసిన క్షిపణి, మైక్రోశాట్-ఆర్ అను భారతీయ ఉపగ్రహమును సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఢీకొని ఛేదించెను. శకలములు శీఘ్రముగా వాతావరణమున ప్రవేశించి దగ్ధమగుటకే తక్కువ ఎత్తును ఎన్నుకొంటిమనియు, 45 దినములలో అవి నశించుననియు సతీష్ రెడ్డి వివరించెను. ఐనను 24 శకలములు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రముకంటె ఎత్తునకు ఎగసినవని అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా అధిపతి ఆక్షేపించెను. కొన్ని శకలములు చెప్పిన గడువునకు మించి కక్ష్యలో నిలిచెను. అంచనా ఎంత జాగ్రత్తతో చేసినను, ఢీకొన్న తాకిడికి చెదరిన తునుకలన్నియు ఒకే కక్ష్యలో నిలువవని ఈ ప్రయోగము నిరూపించెను.

కోవిడ్ కాలపు సేవ: 2020 జూలైలో ఢిల్లీయందు పండ్రెండు దినములలో నిర్మితమైన వేయి పడకల ఆసుపత్రి డి.ఆర్.డి.ఓ. కృషియే. ఇంతకంటె విశేషము ప్రాణవాయు యంత్రములది. మిక్కిలి ఎత్తున ఎగురు తేజస్ విమాన చోదకునికి ప్రాణవాయువు నందించుటకై బెంగుళూరు ప్రయోగశాల రూపొందించిన యంత్రము, జియోలైట్ రేణువులచే గాలిలోని నత్రజనిని పట్టి నిలిపి ప్రాణవాయువును వేరుచేయును. ఈ సూత్రముననే నిమిషమునకు వేయి లీటర్లనిచ్చు ఆసుపత్రి ప్లాంట్లు తయారు చేయబడెను. ఒక్కొక్క ప్లాంటు, రోగికి నిమిషమునకు ఐదు లీటర్ల చొప్పున, 190 మందికి చాలును. 2021 ఏప్రిల్‌లో రెండవ విజృంభణము ప్రజ్వరిల్లగా, మూడు మాసములలో ఇట్టివి 500 నెలకొల్పుటకు సంస్థ పూనుకొని, సాంకేతిక పరిజ్ఞానమును పరిశ్రమలకు బదిలీ చేసెను. మార్గమును, యంత్రమును, తయారీదారును ముందే సిద్ధపరచుకొన్న సంస్థయే ఆపత్కాలమున ఇంత త్వరగా కదలగలుగును.

పదవీ విరమణానంతరము: 2022 ఆగస్టులో అధ్యక్షపదవినుండి నిష్క్రమించి తిరిగి రక్షణమంత్రి శాస్త్రీయ సలహాదారయ్యెను. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఏరోస్పేస్, రక్షణ పరిశ్రమల విషయమున గౌరవ సలహాదారుగా ఈయనను నియమించెను.