ఎక్స్‌రేలో పడని నొప్పి

మా పిన్ని ఎక్కిన బస్సుకి ఓ గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు. గేదె బతికింది, బస్సుకేం కాలేదు, పిన్ని ఒంటిమీద గీత కూడా పడలేదు. మర్నాటినుంచి మాత్రం మెడ తిప్పలేకపోయింది. నెలలు గడిచినా నొప్పి తగ్గలేదు. ఎక్స్‌రే తీసిన డాక్టరుగారు "ఎముకలన్నీ బాగానే ఉన్నాయమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో తీర్పయిపోయింది. "పిండి రుబ్బమంటే మెడనొప్పి, సినిమాకంటే ఏ నొప్పీ లేదు" అని అత్తగారు నలుగురిలో దెప్పేవారు. "చెయ్యి విరిగినా బాగుండేదే, కట్టు చూసైనా నమ్మేవాళ్ళు" అంది పిన్ని ఒకసారి నాతో.

కంటికి కనబడని ఇలాంటి నొప్పిని నమ్మాలా వద్దా అన్న తగువు ఇవాళ్టిది కాదు. నూటయాభై ఏళ్ళు దాటింది. రైళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో ఇంగ్లండులో మొదలైంది.

1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ అనే ఊరి దగ్గర వంతెనమీద ఓ రైలు పట్టాలు తప్పింది. పదిమంది చనిపోయారు. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఆ రైల్లోనే ఉన్నాడు. పైకి కనిపించే దెబ్బలేమీ తగల్లేదు. గాయపడ్డవాళ్ళకి టోపీతో నీళ్ళు మోసుకొచ్చి తాగించాడు. మళ్ళీ పెట్టెలోకి ఎక్కి, రాస్తున్న నవల కాగితాలు కూడా తెచ్చుకున్నాడు. (రాసేవాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది!) కాని ఆ తర్వాత రైలెక్కితే చాలు, ఆయనకి వణుకు పుట్టేది. సరిగ్గా అయిదేళ్ళకి, అదే తారీఖున కన్నుమూశాడు.

ఆ కాలంలో ఇలా ప్రమాదాలనుంచి "క్షేమంగా" బయటపడ్డవాళ్ళు ఎందరో వారాలు గడిచాక డాక్టర్ల దగ్గరికి వచ్చేవారు. మెడా వెన్నూ నొప్పి, నిద్ర లేదు, మతిమరుపు. లండన్ యూనివర్శిటీ కాలేజీ ఆస్పత్రి సర్జను జాన్ ఎరిక్ ఎరిక్సన్ 1866లో వీళ్ళ గురించి ఉపన్యాసాలిచ్చాడు. జనం ఈ జబ్బుకి "రైల్వే స్పైన్" అని పేరు పెట్టారు. ఎరిక్సన్ చెప్పిన పోలిక నాకెంతో నచ్చింది. గుర్రపునాడా ఆకారంలో ఉన్న అయస్కాంతాన్ని సుత్తితో గట్టిగా కొడితే చూడటానికి చెక్కు చెదరదు, లోపలి శక్తి మాత్రం పోతుంది. మనిషి వెన్నూ అంతేనన్నాడాయన.

నష్టపరిహారం దావాలు పెరిగిన కొద్దీ కంపెనీల తరఫున డాక్టర్లూ రంగంలోకి దిగారు. ఒక రైల్వే కంపెనీకి సర్జనుగా ఉన్న హెర్బర్ట్ పేజ్, 1883లో పుస్తకం రాసి ఎరిక్సన్‌ని ఖండించాడు. చాలామందిలో వెన్నుకి ఏమీ కాలేదనీ, భయమే వాళ్ళనలా చేసిందనీ ఆయన వాదన. పూర్తిగా తప్పని అనలేం. భయం కూడా మనిషిని నిజంగా జబ్బుపడేట్టు చేస్తుందని ఒప్పుకున్నవాడాయన. కాని "వెన్నుకేం కాలేదు" అన్న మాట కోర్టుకెక్కేసరికి "అంతా నటన" అయి కూర్చుంది. పారిస్‌లో ప్రసిద్ధ వైద్యుడు షార్కో ఈ రోగుల్ని హిస్టీరియా కింద జమకట్టాడు. ఆ జబ్బు పేరే గర్భసంచికి గ్రీకుభాషలో ఉన్న మాటనుంచి వచ్చింది. కారణం తెలియని బాధకి ఆడవాళ్ళ పేరు పెట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే కదూ!

తర్వాత కార్లొచ్చాయి. వెనకనుంచి ఇంకో బండి గుద్దితే ఒళ్ళు ముందుకి పోతుంది, తల వెనక్కి విరుచుకుపడి మళ్ళీ ముందుకి ఊగుతుంది, చెర్నాకోల ఝళిపించినట్టు. హెరాల్డ్ క్రో అనే అమెరికన్ డాక్టరు 1928లో దీన్ని "విప్‌లాష్" అన్నాడు. తను చెప్పింది మెడ కదిలే తీరు గురించి మాత్రమేననీ, జనం దాన్ని జబ్బు పేరు చేశారనీ తర్వాత ఆయనే విచారించాడు. 1961లో హెన్రీ మిల్లర్ అనే ఇంగ్లీషు వైద్యుడు, ప్రమాదాల తర్వాత వచ్చే ఇలాంటి బాధలు చాలావరకు పరిహారం చేతికందగానే తగ్గిపోతాయన్నాడు. ఇన్సూరెన్సు కంపెనీలకి ఇంతకంటే ఏం కావాలి? కాని తీర్పు వచ్చాక కూడా బాధ తగ్గనివాళ్ళు ఎందరో ఉన్నారని 1982లో ఆస్ట్రేలియానుంచి వచ్చిన ఓ వ్యాసం చూపించింది.

ఈలోగా శాస్త్రజ్ఞుల ఆలోచనలో పెద్ద మార్పొచ్చింది. అంతవరకూ నొప్పి అంటే కాలింగ్‌బెల్ లాంటిదనుకునేవారు. ఇక్కడ నొక్కితే అక్కడ మోగుతుంది, నొక్కకపోతే మోగదు. వెన్నుపాములో ఒక గేటు ఉందనీ, నొప్పిని ఎంత లోపలికి రానివ్వాలో అది నిర్ణయిస్తుందనీ, మెదడు కూడా దాన్ని తెరిచి మూస్తుందనీ మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పారు. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఇంకో అడుగు ముందుకేశాడు. దెబ్బ తర్వాత వెన్నుపాములోని నరాలే అతిగా స్పందించడం నేర్చుకుంటాయని ఎలుకలమీద ప్రయోగాలు చేసి చూపించాడు. దొంగ వచ్చి వెళ్ళిన ఇంట్లో కుక్క, ఆకు రాలినా మొరగదూ? అలాగన్నమాట. తమాషా ఏమిటంటే, వుల్ఫ్ ఈ పని చేసింది కూడా లండన్ యూనివర్శిటీ కాలేజీలోనే.

మెదడుని ఫోటో తీసే మిషన్లొచ్చాక అసలు కథ బయటపడింది. ఏళ్ళ తరబడి నడుంనొప్పితో ఉన్నవాళ్ళ మెదడు పైపొరలో బూడిదరంగు పదార్థం, నొప్పి లేనివాళ్ళకంటే 5నుంచి 11 శాతం తక్కువగా ఉన్నట్టు 2004లో అమెరికాలో అప్కేరియన్ బృందం కనిపెట్టింది. 2009లో జర్మనీ వైద్యులు, మెడ అదిరి తలనొప్పి పట్టుకున్న 32 మందిని పరీక్షించారు. మూడు నెలలు దాటినా తలనొప్పి పోనివాళ్ళలో, బాధనీ ఆలోచననీ అదుపులో ఉంచే భాగాలు కొంత తగ్గాయి. బెల్జియంలోని గెంట్ పరిశోధకులైతే మెడనొప్పి ఉన్న ఆడవాళ్ళనే పరీక్షించి, ప్రమాదంవల్ల నొప్పి వచ్చినవాళ్ళ మెదడు పైపొర ఒకచోట పల్చబడినట్టు గమనించారు.

అయ్యో, మెదడు కరిగిపోతోందని భయపడకండి. ఆ జర్మనీ రోగుల్లో ఏడాదికి తలనొప్పి తగ్గింది, దానితోపాటే మెదడూ సర్దుకుంది. 2011లో మాంట్రియల్ పరిశోధకులు నడుంనొప్పికి వైద్యం ఫలించినవాళ్ళలోనూ ఇలాంటి మార్పే చూశారు. మెడ అదిరిందని నెలల తరబడి మంచమెక్కడం కంటే, డాక్టరు సలహాతో మెల్లిగా కదలడమే మేలని 1995లోనే క్విబెక్ నిపుణుల సంఘం చెప్పింది.

ఇంకోమాట. ఇవన్నీ కొందరిని కలిపి చూస్తే తేలిన సగటు లెక్కలు. ఒక్క మనిషి మెదడు ఫోటో చూసి "ఈవిడకి నొప్పి ఉంది", "ఈవిడకి లేదు" అని చెప్పే మిషను లేదు. కోర్టుల్లో దాన్ని అబద్ధాలు పట్టుకునే యంత్రంలా వాడకూడదని నిపుణులు 2017లోనే హెచ్చరించారు. నొప్పంటే ఏమిటో నిర్వచించే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెప్పినప్పుడు ఆ మాటని గౌరవించాలని చేర్చింది. అన్ని యంత్రాలూ తిరిగి తిరిగి చివరికి మనిషి మాట దగ్గరికే వచ్చాయి!

ఇదంతా చెబితే పిన్ని నవ్వింది. "మా అత్తగారుండగా ఆ ఫోటో మిషను వస్తే ఎంత బాగుండేదే" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజుల్లో ఆవిడకి కావలసింది ఫోటో కాదు. "ఎక్కడమ్మా నొప్పి? రుబ్బురోలు నేను చూసుకుంటాలే, నువ్వు కాసేపు కూర్చో" అనే మనిషి. అందుకు 2004 దాకా ఆగక్కర్లేదు కదా!