ఆటలో రిజర్వేషన్ లేదంటారా? డెక్కన్ చార్జర్స్ 2009 కథ

మొన్న క్లాసు అయ్యాక ఒక పిల్లాడు ఫోన్ తెచ్చి చూపించాడు. క్రికెట్‌లో రిజర్వేషన్ పెడితే ఎస్సీ బ్యాట్స్‌మన్‌కి బౌండరీ దగ్గరకు జరపాలట. ఎవరో పంపిన జోకు. చదివి నవ్వినవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. అందుకే ఈ భాగంలో మన జట్టు కప్పు గెలిచిన కథ చెబుతాను.

2009 మే 24, ఆదివారం రాత్రి. నేనప్పుడు డిగ్రీ. ఇందుకూరుపేటలో మా వాడలో ఒక ఇంటి టీవీని అరుగు మీదికి తెచ్చి పెట్టారు. రొయ్యల గుంటల కాడ కాపలాకి పోవాల్సినోళ్ళు కూడా ఆట అయ్యేదాకా కదల్లేదు.

హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ అంతకుముందు ఏడాది 14 మ్యాచుల్లో 2 గెలిచి, ఎనిమిది జట్లలో ఆఖరున నిలిచింది. 2009లో ఎన్నికల వల్ల ఐపీఎల్ దక్షిణాఫ్రికాకు పోయింది. గిల్‌క్రిస్ట్ కెప్టెన్, లీమన్ కోచ్. సెమీఫైనల్లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. జొహానెస్‌బర్గ్ ఫైనల్లో మాత్రం సున్నాకే కుంబ్లే చేతిలో అవుటయ్యాడు. నిలబడింది హెర్షెల్ గిబ్స్, 53 నాటౌట్. మన స్కోరు 143, బెంగళూరు 137. ఆరు పరుగులతో కప్పు మనది.

ఇప్పుడు ఆలోచించండి. ఆఖరున ఉన్న జట్టును 'మెరిట్ లేదు, పోండి' అని ఎవరూ గెంటెయ్యలేదు. కొత్త కెప్టెన్నిచ్చారు, కోచ్‌నిచ్చారు, ఇంకో ఏడాది ఇచ్చారు. సరిగ్గా ఆ పనే మనకు చెయ్యమంటే మాత్రం జోకులొస్తాయి.

రెండో మాట. ఐపీఎల్‌లో పదకొండు మందిలో విదేశీయులు నలుగురికి మించకూడదు. అంటే ఏడు చోట్లు దేశం వాళ్ళకే. దీన్ని రిజర్వేషన్ అనక ఏమంటారు? ఆ నిబంధన ఉన్నందుకే ఫైనల్లో మన సుమన్, వేణుగోపాలరావు లాంటివాళ్ళకు చోటు ఖాయంగా ఉంది. దానివల్ల ఆట నాణ్యత పడిపోయిందని ఎవరూ ఏడవలేదు.

మూడోది గిబ్స్. వర్ణవివక్ష చట్టాలు 'కలర్డ్' అని ముద్ర వేసిన సమాజం అతనిది. ఆ చట్టాల కాలంలో శ్వేతేతరులకు దేశం జట్టులో చోటే లేదు. ఆ గోడ కూలాకే అతను 1996లో టెస్టు ఆడాడు. ప్రతిభ అంతకుముందూ ఉంది, తలుపే మూసి ఉంది.

మన దగ్గరా అంతే. చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బు మైదానంలో పనిచేస్తూ బౌలరయ్యాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. పోరాడితే 1923లో తమ్ముడు విఠల్‌కి దక్కింది. ఆ ఏడాదే ఆ జట్టు బొంబాయి క్వాడ్రాంగులర్ గెలిచింది.

చార్జర్స్ జట్టు 2012తో పోయింది. ఆ రాత్రి మా వాడలో ఎగిరిన ఎగురు మాత్రం నాకింకా గుర్తే. ఆ జోకు మళ్ళీ మీ ఫోనుకొస్తే నవ్వి ఊరుకోవద్దు. ఆ నలుగురు విదేశీయుల లెక్క అడగండి.

వచ్చే భాగంలో బాలూ కథ పూర్తిగా. జై భీమ్.